నాలుగు సెలవు చీటీలు

గుమాస్తాగారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిలోపు ఆఫీసరుగారికి రెండు రోజుల సెలవు చీటీ మెయిల్ చేయడం, పదకొండు గంటల రైల్లో భార్యనూ మామగారినీ సముద్రం చూడటానికి తీసుకెళ్లడం. ఆరేళ్లుగా వాయిదా పడుతున్న ప్రయాణం. ఈసారీ తప్పిపోతే ఇక సముద్రం ఊసే ఎత్తనని భార్య శాంతంగా చెప్పింది. ఆ శాంతానికే ఆయన భయపడ్డారు.

"జ్వరంగా ఉంది" అని రాసి మీట నొక్కారు. తెర మీద చక్రం తిరిగి తిరిగి, పంపడం సాధ్యం కాలేదని ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

ఇరవై ఏళ్ల ఉద్యోగం ఆయనకు నేర్పింది ఒక్కటే. కాగితం వెనక్కొస్తే కారణం మార్చి మళ్లీ పెట్టాలి. జ్వరం మానేసి కాలు బెణికించుకున్నారు. మళ్లీ ఎరుపే.

"నిన్న మీరు ముచ్చటపడి పెట్టించిన యాంటీవైరస్ అడ్డుపడుతోందేమోనండీ," అంది భార్య పెట్టె సర్దుతూ. "అబద్ధాల్ని కూడా పసిగట్టేస్తోందేమో."

"వేళాకోళం ఆపు." ఆయన మూడోది పైకి చదువుతూ కొట్టారు. "మా మామగారిని ఆసుపత్రిలో చేర్చాం..."

అద్దం ముందు కొత్త టోపీ సరిచేసుకుంటున్న మామగారు వెనక్కి తిరిగారు. "నన్నెందుకయ్యా పడుకోబెడతావు? మీ నాన్న లేడూ?"

"ఆయన్ని పోయినేడాది వాడేశానండీ."

అదీ కదల్లేదు. తొమ్మిదీ నలభై అయింది. గుమాస్తాగారు విసిగిపోయి నిజమే రాసేశారు: "అయ్యా, నా భార్యకు సముద్రం చూపించాలి." నిజమూ ఆగిపోయింది. లోపం కారణాల్లో లేదని ఆయనకు అప్పటికి తోచింది.

భార్య, కంప్యూటర్లు బాగుచేసే తన చెల్లెలికి ఫోన్ కలిపి ఇచ్చింది.

"బావా, మెయిల్ గడప దాటేముందు యాంటీవైరస్ సోదా చేస్తోంది. దాని సెట్టింగుల్లో 'పంపే మెయిళ్ల తనిఖీ' అని ఉంటుంది చూడు. అదొక్కటే తీసెయ్. మొత్తం ఆపేశావంటే, రేపు వైరస్ వచ్చిందని మళ్లీ నా ప్రాణమే తీస్తావ్."

తీశారు. టింగుమంది. మళ్లీ టింగుమంది. ఇంకో రెండుసార్లు కూడా.

"నాలుగుసార్లెందుకు మోగిందమ్మా?"

"ఇందాక ఆగినవన్నీ లోపల వరసలో కూర్చున్నాయిగా బావా. ఇప్పుడు అన్నీ వెళ్లాయి. ఇంతకీ ఏం రాశావేంటి?"

గుమాస్తాగారు కుర్చీలో కూలబడ్డారు. భార్య పెట్టెలోంచి ఒక తువ్వాలు తీసి, తిరిగి బీరువాలో పెట్టేసింది.

పది కొట్టకముందే ఆఫీసరుగారి ఫోన్.

"ఏమయ్యా, నీ చీటీలు నాలుగూ చదివాను."

"క్షమించండి సార్..."

"అది సరేలే. వారం నుంచి నా దగ్గర్నుంచి ఒక్క మెయిలూ కదలడం లేదు. నీవి నాలుగూ ఒక్కసారే ఎలా పంపావు?"

మరదలు చెప్పిందంతా గుమాస్తాగారు పొల్లుపోకుండా అప్పజెప్పారు. అవతల మీటలు నొక్కిన చప్పుడు, ఆ వెంటనే ఆగకుండా టింగుటింగులు. ఆఫీసరుగారు ఇరవై ఏళ్లలో మొదటిసారి పగలబడి నవ్వారు.

"సెలవు ఇచ్చేశానయ్యా, వెళ్లు. నిజం రాస్తే పైవాళ్లు ఒప్పుకోరు కాబట్టి, మీ మామగారి మీద ఇచ్చాను."

ఆఫీసు కాగితాల ప్రకారం మామగారు ఆ రెండు రోజులూ ఆసుపత్రిలోనే ఉన్నారు, కొత్త టోపీతో, మోకాలి లోతు నీళ్లలో.