కొరకకుండా కొనడం ఎలా

ఒక పెద్ద అడవిలో జొన్నలు పండించేవాళ్లకంటే జొన్నల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. అలా ఎక్కువైతే ఏమవుతుంది, ఒక సంస్థ పుడుతుంది. దాని పేరు 'అంతర్జాతీయ ధాన్య కొనుగోలు, ధరల ముప్పు నివారణ శిక్షణ కేంద్రం'. బోర్డు కేంద్రం కంటే వెడల్పు. దాన్ని పెట్టింది గిడ్డంగి కార్యదర్శి నక్క.

నక్కకి చదువు మీద ప్రేమ ఊరికే పుట్టలేదు. రెండు వానాకాలాలుగా గిడ్డంగి కప్పు కారుతోంది. బాగు చేయించానని ఏటా నివేదిక రాసింది గానీ చేయించలేదు. లోపల జొన్నలు ముక్కిపోయి, పురుగు పట్టి, ముద్దకట్టాయి. ఇంకో ఇరవై రోజుల్లో కొత్త పంట వస్తుంది. వచ్చాక పాతవాటి మొహం ఎవరూ చూడరు. సొంత అడవిలో అమ్మితే సాయంత్రానికల్లా తిరిగి తెచ్చి మొహాన కొడతారు. అందుకని దూరపు అడవులవాళ్లని పిలిచి, కొనడం నేర్పి, ఆ నేర్పడంలోనే సరుకు వదిలించుకుందామనుకుంది.

అలా వచ్చినవాళ్లలో గుట్టల అడవి పందికొక్కు నూకాలు ఒకతె. ఆ అడవిలో రెండేళ్లుగా వానల్లేవు. ఉన్న గింజలు నెలకి మించి రావు. కొనడానికి ఎవరిని పంపాలా అని అక్కడి పెద్దలు తలలు పట్టుకుంటే ముసలి దుప్పి తేల్చేసింది. గింజల గురించి నూకాలుకి తెలిసినంత ఎవరికి తెలుసు, పుట్టినప్పటినుంచీ దొంగిలించే కదా బతికింది అంది. అది తిట్టో మెప్పో నూకాలుకి అర్థం కాలేదు. అడవి మొత్తం కూడబెట్టిన పది తేనెపట్లు ఆమె చేతిలో పెట్టి పంపారు. ఇంటి దగ్గర తొమ్మిదిమంది పిల్లలు అమ్మ గింజలు తెస్తుందని కూర్చున్నారు.

కేంద్రం గుమ్మంలోనే ఆ తేనెపట్లు తీసుకుని, భద్రత కోసమని చెప్పి లోపల తాళం వేశారు.

పాఠం చెప్పేది కొంగ ధవళాచార్యులు. ఆయన జన్మలో ఒక్క గింజ మింగి ఎరగడు, తిండంతా చేపలే. అయినా ధాన్యం మీద మూడు పట్టాలున్నాయి. ఒంటికాలి మీద నిలబడి, ముక్కుతో ఇసుకలో ధరల గీత గీసేవాడు. గీత పైకే పోయేది. ఇసుక అయిపోతే గోడ మీద గీసేవాడు. విద్యార్థుల్లో ఎలుగుబంటి మొదటి రోజే నిద్రపోయింది. చిలుక మాత్రం ప్రతి ముక్కా రాసుకుని, రాసుకున్నదాన్ని మళ్లీ గట్టిగా చదివేది.

మూడో రోజు ఆకుదొప్పల్లో మాదిరి గింజలు పెట్టి చూపించారు. ముత్యాల్లా ఉన్నాయి. నూకాలు వాళ్లలో గింజ కొనేముందు, ఆ మాటకొస్తే దొంగిలించేముందు కూడా, కొరికి చూడటం ఆచారం. కటుక్కుమంటే ఎండిన గింజ. మెత్తగా అణిగితే తడి గింజ. నాలుక్కి చేదు తగిలితే ఇక ముట్టుకోరు. ఆమె లేచి నిలబడింది.

"అయ్యగోరూ, గిడ్డంగి కుప్పలోంచి ఒక్క గింజ తెచ్చి కొరికి సూడొచ్చా?"

తరగతి నవ్వింది. ఆచార్యులు ఒక కన్ను తెరిచాడు.

"కొరకడం అనాగరికం తల్లీ. ఈ కేంద్రంలో మనం ధరని చూస్తాం, గింజని కాదు. గింజని చూసేవాడు కూలివాడు. ధరని చూసేవాడు కొనుగోలుదారు."

చిలుక అది కూడా రాసుకుంది. నూకాలు తలవంచుకుని కూర్చుంది. దొంగగా ఉన్నన్నాళ్లు ఇంత సిగ్గుపడిన గుర్తు ఆమెకి లేదు.

మిట్టమధ్యాహ్నం ఆచార్యులు చెరువుకి భోజనానికి పోగానే నూకాలు గిడ్డంగి వెనక్కి వెళ్లి, కులవృత్తి కాబట్టి, చిటికెలో గోడ కిందనుంచి బొక్క తవ్వింది. చేతికందిన గింజ కొరికింది. పిండిలా అణిగింది. ఇంకోటి కొరికింది, చేదు. మూడోదాంట్లో పురుగు కదిలింది. ఆమెకి పిల్లలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. దొంగసొత్తుగా కూడా ఇలాంటి గింజ ఎప్పుడూ ఇంటికి తీసుకుపోలేదు.

తోటివాళ్లకి చెప్పి చూసింది. ఎలుగుబంటి అటు తిరిగి పడుకుంది. చిలుకైతే కార్యదర్శి గారి నివేదికలో ఈ జొన్నలు మొదటి రకం అని ఉందనీ, నివేదికకంటే ఎలక పళ్లు ఎక్కువా అనీ అడిగింది. దాంతో నూకాలు నేరుగా నక్క దగ్గరికి పోయి, తన తేనెపట్లు తనకి ఇచ్చేస్తే పోతానంది.

"మధ్యలో మానేస్తే తేనె తిరిగి రాదమ్మా, అది నిబంధన" అంది నక్క, ఎంతో బాధగా. "ముందస్తు ఒప్పందం మీద కాలిముద్ర వేశావనుకో, పట్టా వస్తుంది, నలభై బస్తాలూ వస్తాయి. కొత్త పంట వచ్చి ధర పెరిగినా నీకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

కొత్త పంట వస్తే ధర పెరగడమేమిటని అడిగే ధైర్యం నూకాలుకి లేకపోయింది. చివరి రోజు ముద్ర వేసింది. పట్టా చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని, వసారాలో కూర్చుని, ముక్కిన గింజలు చూపించి దుప్పికి ఏం చెప్పాలా అని కుమిలిపోయింది.

నక్క ఒక్క సంగతి మరిచిపోయింది. అవి ఎండాకాలం రోజులు. ఉక్కపోతకి కేంద్రం కిటికీలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. అంతర్జాతీయ చదువు ఊరికే వినబడుతుంటే ఎవరు మానుకుంటారు? ఐదు రోజులుగా ఆ అడవి కుందేళ్లు, అడవిపందులు, ముళ్లపందులు కిటికీల కింద చేరి చెవులు రిక్కించి వింటూనే ఉన్నాయి. ధర రెండింతలవుతుంది, ఇప్పుడు కొననివాడు పస్తుంటాడు అని ఆచార్యులు చివరి పాఠం ముగించగానే వాటి గుండెలు జారిపోయాయి. సాయంత్రానికి అందరూ ప్రెసిడెంటు ఏనుగు ముందు ఉన్నారు.

ఏనుగు నక్కని పిలిపించింది.

"మన జొన్నలన్నీ పరాయివాళ్లకి అమ్మి మమ్మల్ని గడ్డి తినమంటావా?" అంది. తను ఎలాగూ తినేది గడ్డే అన్న సంగతి కోపంలో గుర్తులేదు.

ఆ జొన్నలు కుళ్లిపోయాయి దొరా అంటే అయిపోయేది. కానీ నక్క స్వయంగా రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టిన 'మొదటి రకం' నివేదిక ఏనుగు తొండంలోనే ఉంది. అమ్మిన సరుకంతా రెండింతల ధరకి వెనక్కి కొనమని ప్రెసిడెంటు ఉత్తర్వు వేసింది.

తెల్లారగానే నక్క ఇరవై తేనెపట్లతో నూకాలు ముందు నిలబడింది. ఆమె ముందు నమ్మలేదు. తర్వాత మనసు పీకింది.

"ఒక్క గింజ కొరికి సూసి కొనండి కార్యదర్శి గారూ. తర్వాత నన్ననొద్దు."

"కొరకడం అనాగరికం" అని గొణిగి, తేనెపట్లు ఆమె చేతిలో పెట్టి, నక్క ఒప్పందం లాక్కుంది. ఎలుగుబంటి నిద్రలోనే అమ్మేసింది. చిలుక మాత్రం ధర ఇంకా పెరుగుతుందని పాఠంలో ఉందంటూ ససేమిరా అంది. ఆ పట్టుదలకి ఆచార్యులు ముచ్చటపడి దానికి బంగారు పతకం ఇచ్చాడు.

వెనక్కి వచ్చిన జొన్నలకోసం ఆ అడవివాళ్లు తొక్కుకు చచ్చారు. కలుగులు, తొర్రలు, పొదలు నింపేసుకున్నారు. కంపు కొట్టిన మాట నిజం. కానీ అంత పోసి కొన్న సరుకు కంపు కొడుతోందని మొదట ఒప్పుకునేవాడెవడు? మొదటి రకం వాసన ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నారు. జొన్నలు దక్కిన సంతోషంలో విందు పెట్టి, తొలి ముద్ద కార్యదర్శి గారే తినాలని పట్టుబట్టారు. నక్క నవ్వుతూ తింది. మూడు రోజులు మంచం దిగలేదు.

ఇరవయ్యో రోజుకి కొత్త పంట విరగపండి కళ్లాల్లోకి వచ్చింది. పెట్టుకోవడానికి జాగా ఎక్కడిది, గిడ్డంగి కప్పు ఇంకా కారుతూనే ఉంది, కలుగుల నిండా కుళ్లు. పడమట మబ్బు పట్టింది. తడిస్తే ఇదీ అంతే. కొత్త పంటకోసం గట్టు మీద కాచుకుని కూర్చున్న నూకాలు చుట్టూ అడవిపందులు మూగి, ఎంతో కొంతకి తీసుకుపొమ్మని బతిమాలాయి. ఆమె తొందరపడలేదు. ఒక్కో కుప్పలో చెయ్యి మోచేతిదాకా దూర్చి, అడుగునుంచి గింజ తీసి కొరికింది. కటుక్కుమంది. ఎనిమిది పట్లకి అరవై బస్తాలు వచ్చాయి. గాడిదలమీద వేయించుకుని, వాన పడేలోపే పొలిమేర దాటింది. పట్టా చిరిగిన బస్తాకి మాసికైంది.

ఇంత జరిగాక అక్కడ విచారణ సంఘం వేయకుండా ఉంటారా? వేశారు. సంఘానికి అధ్యక్షత వహించడానికి అనుభవజ్ఞురాలు కావాలని నక్కనే పెట్టారు. కొంగకి తప్పేమీ లేదని, కప్పు కారడం ప్రకృతి వైపరీత్యమని, దోషమంతా కిటికీలదని సంఘం తేల్చింది. వచ్చే ఏటి తరగతులకి పాఠం చెప్పడానికి చిలుకని నియమించారు.

నీతి: భయం అమ్ముకునేవాడు ఎగుమతికి మాత్రమే అమ్ముకోవాలి, ఇంట్లోవాళ్లు వింటే వాళ్లే మొదటి గిరాకీ.