లిఫ్టు రిజిస్టరులో పది వాక్యాలు

సోమవారం పొద్దున పళ్ళు తోముకుంటూనే మెకానిక్ ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఇవాళ్టి నుంచి రోజుకు పది వాక్యాలు రాయాలి. లిఫ్టులు బాగుచేసే మనిషికి వాక్యాలతో పనేమిటని నవ్వకండి, పాపం ఆయన బాధ ఆయనది. శుక్రవారం కంపెనీలో సూపర్‌వైజరు పోస్టుకు పరీక్ష ఉంది. ఆ పోస్టు వస్తే లిఫ్టు గుంతల్లోకి పాకడం, ఇనుప నిచ్చెనలు ఎక్కడం తప్పుతాయి. నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, నడుము ఎప్పుడో చేతులెత్తేసింది. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈసారి కూడా పోతే పరీక్ష రాసే వయసు దాటిపోతుంది.

పనిలో ఆయనకు వంక పెట్టేవాళ్ళు లేరు. తప్పిందల్లా రిపోర్టు రాయడం దగ్గరే. పోయినసారి "లిఫ్టు ఆగిపోయిన సంఘటనను ఒక పేజీలో వివరించండి" అని అడిగితే, "లిఫ్టు ఆగింది. బాగుచేశాను" అని రాసి, సంతకం పెట్టి, అందరికంటే ముందు బయటికి వచ్చాడు. అప్పటి నుంచి తోటివాళ్ళకు ఆయన రెండుముక్కలాయన.

"రాయడం రాదు రాదు అంటూ కూర్చుంటే ఎలా వస్తుందండీ? రోజూ రాస్తే అదే వస్తుంది," అంది భార్య.

"ఎప్పుడు రాయను? ఇంటికొచ్చేసరికి చెయ్యి పైకి లేవదు నాకు."

"పొద్దున్నే లిఫ్టు చూశాక ఏదో పుస్తకంలో రాస్తారుగా! అందులోనే రాసెయ్యండి. పుస్తకం కొనే పని కూడా లేదు."

ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. రోజూ పొద్దున ఆయన మొదట వెళ్ళేది ఒక అయిదంతస్తుల భవనానికి. అక్కడి లిఫ్టుకు పద్దెనిమిదేళ్ళు. అందుకని రోజూ తనిఖీ చేసి, తలుపు పక్కన దారంతో వేలాడే రిజిస్టరులో రాయాలన్నది అక్కడ కాపురముండేవాళ్ళ సంఘం నియమం. ఇన్నేళ్ళూ "బాగుంది" అని గీకి వెళ్ళిపోయిన మనిషి, ఆ సోమవారం మెట్టు మీద కూర్చుని ముప్పావు గంట రాశాడు. "ఈ లిఫ్టు పెద్దది. మూడు, నాలుగు అంతస్తుల మధ్య చిన్నగా గొణుగుతుంది" అంటూ ఎలాగో పది వాక్యాలు పూర్తిచేసేసరికి చెమటలు పట్టాయి.

మంగళవారం వెళ్ళి చూస్తే ఆయన రాత కింద ఎర్ర సిరాతో 4/10 అని ఉంది. పక్కనే గుండ్రటి అక్షరాలతో, "ప్రయత్నం మంచిది. కళ్ళకు కట్టినట్టు రాయాలి."

ఎవరు వేశారో తెలియదు గాని, ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. బడి మానేశాక తన రాతను ఒక మనిషి కూర్చుని చదవడం ఇదే మొదలు. ఆ రోజు ఇంకా మనసు పెట్టి రాశాడు. "నిన్నటి గొణుగుడు ఇవాళ మూలుగైంది. పొద్దున తొమ్మిదింటికి అయిదో అంతస్తుకు వెళ్ళేటప్పుడు లిఫ్టు పడే ఆయాసం చూస్తే జాలేస్తుంది." బుధవారానికి 6/10 వచ్చింది. "మెరుగుపడింది. గుండెను తాకే ముగింపు కావాలి."

గుండెను తాకే ముగింపే కదా కావాలి! బుధవారం ఆయన విజృంభించాడు. "మూలుగుకు వేడెక్కిన నూనె వాసన తోడైంది" అని మొదలుపెట్టి, చివరికి ఇలా తేల్చాడు: "ఈ ఉక్కు తాడు పద్దెనిమిదేళ్ళుగా మనందరినీ మోస్తూ లోలోపల కుమిలిపోతోంది. దాని ఓపిక ఏ క్షణాన తెగుతుందో ఎవరు చెప్పగలరు?" తన వాక్యాన్ని తానే రెండుసార్లు చదువుకుని, కళ్ళు తుడుచుకుని, ఇంకో భవనానికి వెళ్ళిపోయాడు.

పది గంటలకు సంఘం సెక్రటరీ లిఫ్టు కోసం నిలబడి, ఎర్ర సిరా కనబడితే రిజిస్టరు తిరగేశాడు. సోమవారం నాలుగు, మంగళవారం ఆరు, ఇవాళ తొమ్మిది. ఆయన కేక పెట్టాడు.

"అమ్మో! ప్రమాదం పదికి తొమ్మిదికి వచ్చేసింది! కింద 'చాలా బాగుంది, ఇలాగే కొనసాగించు' అని కూడా రాశాడెవడో! వాడసలు మనిషేనా?"

వెంటనే కరెంటు మీట కట్టేసి, లిఫ్టుకు అడ్డంగా కుర్చీ వేసి, కంపెనీ మేనేజరుకు ఫోను చేశాడు. నాలుగో అంతస్తులోకి కొత్తగా దిగుతున్న వాళ్ళ బీరువా గుమ్మంలోనే ఆగిపోయింది. బీరువా అడ్డం కావడంతో మెట్లెక్కేవాళ్ళూ ఆగిపోయారు. అంతలో అయిదో అంతస్తులో ఉండే సెక్రటరీ భార్య కూరగాయల సంచీలతో వచ్చి, ఆ పుస్తకం తీసుకుని, మంగళవారం పేజీ దగ్గర ఆగింది.

"తొమ్మిదింటికి అయిదో అంతస్తుకు ఎక్కేది నేనొక్కదాన్నే కదండీ! నేనెక్కితే లిఫ్టుకు ఆయాసమా? ఇది చదివీ ఊరుకున్నారా మీరు?"

"నేను తాడు గురించి హడలిపోతుంటే మధ్యలో నీ గొడవేంటే?"

"ఆ తాడు తెగేది కూడా నా వల్లేనంటారా?"

ఆ గొడవ మధ్యలోకే మేనేజరు దిగాడు. వెనకే కబురందిన మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు. శుక్రవారం పరీక్ష పెట్టేది ఈ మేనేజరే. ఆయన చేతిలో రిజిస్టరు చూడగానే మెకానిక్ బీరువా చాటునే ఆగిపోయాడు.

"ఏమయ్యా, తాడు కుమిలిపోవడం ఏంటి?"

"తాడుకేం కాలేదు సార్. అది మార్కుల కోసం రాశాను."

"మార్కులా? ఎవరు వేస్తారయ్యా మార్కులు?"

"నేనే వేశాను నాయనా," అంటూ రెండో అంతస్తు టీచరమ్మ రెయిలింగు పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. రిటైరై తొమ్మిదేళ్ళయింది. "దిద్దడానికి ఎన్నాళ్ళ తర్వాతో ఒక పుస్తకం దొరికింది. ఆశపడ్డాను. గుండెను తాకమన్నది నేనే. ఆయన్ని ఏమీ అనకండి."

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి సెక్రటరీ లిఫ్టుకు అడ్డం వేసిన కుర్చీని ఆమెకు జరిపాడు. మేనేజరు మాత్రం తల ఎత్తలేదు. మొదటి పేజీ నుంచి మళ్ళీ చదువుతున్నాడు.

"సోమవారం గొణుగుడు. ఇది నిజమా?"

"నిజమే సార్."

"మంగళవారం మూలుగు?"

"అదీ నిజమే."

"ఇవాళ నూనె వాసన?"

"ముక్కు పగిలిపోయింది సార్."

"మూడు రోజులుగా శబ్దం పెరుగుతోంది, నూనె కాలుతోంది. మరి మోటారు గది తెరిచి చూశావా?"

మెకానిక్ నేల చూపులు చూస్తూ అన్నాడు. "రాసే ధ్యాసలో పడి... మర్చిపోయాను సార్."

అందరూ ముక్కున వేలేసుకున్నారు. మేనేజరు, మెకానిక్ బీరువాను దాటుకుని డాబా మీదికెక్కి మోటారు గది తెరిచారు. బేరింగులో చుక్క నూనె లేదు, చెయ్యి పెడితే కాలింది. ఇంకో రోజు తిరిగితే లిఫ్టు మధ్యలో బిగుసుకుపోయేదే. తన జాగ్రత్త మీద ఎంతో నమ్మకమున్న మనిషి, సిగ్గుతో చచ్చిపోతూ రెండు గంటలు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసి బేరింగు మార్చాడు.

"శుక్రవారం నువ్వు పరీక్షకు రావద్దు," అన్నాడు మేనేజరు.

మెకానిక్ స్పానరు కింద పెట్టాడు. నడుము, నిచ్చెనలు, ఇంటి దగ్గర ఎదురుచూసే భార్య, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. "అర్థమైంది సార్."

"నీ మొహం అర్థమైంది. రాతపరీక్ష అయిపోయింది, ఇదిగో ఇదే. నువ్వు రాసింది చదివి మోటారు చూడకుండానే జబ్బేంటో కింద నిలబడి చెప్పగలిగాను. నా దగ్గరున్న సూపర్‌వైజర్లు ఒక్కళ్ళూ ఇలా రాయరు. సోమవారం నుంచి ఆఫీసుకొచ్చి కూర్చో. ఇక మీద నువ్వు చూసింది రాయి చాలు, బాగుచేయడం వేరేవాళ్ళు చూసుకుంటారు."

సోమవారం కొత్త కుర్చీలో కూర్చున్న సూపర్‌వైజరు ముందుకు మొట్టమొదట వచ్చిన ఉత్తరం ఆ భవనం సంఘానిదే. లిఫ్టు హాయిగా నడుస్తోందని, ధన్యవాదాలని, టీచరమ్మ అభినందనలు చెప్పమన్నారని రాసి, కింద సెక్రటరీ ఒక మనవి చేర్చాడు: "మీ స్థానంలో వచ్చే మెకానిక్‌కు రాసే అలవాటు లేకుండా చూడగలరు."