దివాలాకు అర్హత చాలలేదు

ఆ శుక్రవారం పొద్దున పరుపులాయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. టీ తాగి, దివాలా దరఖాస్తు నింపి, కోర్టు ఆఫీసులో ఇచ్చేసి, భోజనం వేళకి ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చాలి. నడుం వాల్చడానికి ఆ ఇంట్లో వసతికి లోటు లేదు. షోరూం ఖాళీ చేసిన రోజున అమ్ముడుపోని పరుపులన్నీ ఇంటికే వచ్చి చేరాయి. ముందు గదిలో ఒక మనిషి పక్కవాటుగా నడిచేంత సందు మిగిలింది. ఆయన తల్లి తన మంచమ్మీద పేర్చిన పరుపుల పైకి స్టూలేసుకుని ఎక్కి పడుకుంటోంది, దిగాలంటే కొడుకుని పిలుస్తోంది. ఇన్ని పరుపులున్న ఇంట్లో నెలల తరబడి కంటినిండా నిద్రపోతున్నది ఆవిడొక్కతే.

వ్యాపారం ఎలా మునిగిందంటే పెద్ద కథేమీ లేదు. చుట్టాలూ స్నేహితులూ వాయిదాల మీద పరుపులు పట్టుకెళ్ళారు. అడగడానికి ఈయనకి మొహమాటం, ఇవ్వకపోవడానికి వాళ్ళకి మొహమాటం లేదు. షాపు పోయింది, స్కూటరు పోయింది, చివరికి మిగిలింది పరుపులు కుట్టే మిషను. అదుంటే పాత పరుపులు బాగుచేసుకుంటూ నాలుగు వేళ్ళు నోట్లోకి వెళ్తాయి. అది పోతే ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు, వచ్చిన పని అదొక్కటే. దానిమీద అప్పిచ్చిన ఫైనాన్సాయన సోమవారం వచ్చి పట్టుకుపోతానన్నాడు. నెల రోజులు ఆగమని బతిమాలితే చూద్దాం అన్నాడు గాని మాటివ్వలేదు.

అయితే దివాలా చట్టానికి ఒక్క చోట దయ ఉంది. దరఖాస్తు తీసుకున్నట్టు ముద్ర పడితే చాలు, మనిషి పొట్టపోసుకునే పనిముట్టును ఎవరూ ముట్టుకోకూడదు. ఆ ముద్ర సాయంత్రం లోపల పడాలి. శని, ఆదివారాలు ఆఫీసు ఉండదు.

దరఖాస్తు గులాబీ రంగులో ఉంది. దివాలా తీసేవాడికి గులాబీ రంగు కాగితం ఇవ్వాలని ఎవరికి తోచిందో గాని వాడెన్నడూ అప్పు చేసి ఉండడు. పరుపులాయన మిషను మీదే కాగితాలు పరుచుకుని మొదలుపెట్టాడు. ఆస్తుల పేజీలో మొదటి వరుసలో ‘ఫ్రిజ్, పాతది, పనిచేయదు, విలువ సున్నా’ అని రాశాడు. చేయి తిరిగింది. సోఫా సున్నా, బీరువా సున్నా అని రాసుకుంటూ పోయాడు. ఇలాగైతే అరగంటలో అయిపోతుందని సంబరపడ్డాడు కూడా.

ఆయన భార్య వెనక నిలబడి ఊరికే చూస్తోంది. చివరి పేజీలో సాక్షి నిబంధన చదివేదాకా ఆవిడకి ఏ అభ్యంతరమూ లేదు. వేరు కాపురం ఉంటున్న రక్తసంబంధీకుడు ఒకరు దరఖాస్తు మొత్తం చదివి, పేజీ పేజీకీ సంతకం చేయాలట. అలాంటివాడు ఈయనకి తమ్ముడొక్కడే ఉన్నాడు. ఆ కింద చీమల బారులాంటి అక్షరాల్లో సాక్షి గురించి ఇంకేదో ఉంది గాని అది చదవడానికి ఆవిడ ఆగలేదు.

“అంటే మీ తమ్ముడు చదువుతాడు. అతను చదివితే ఆవిడా చదువుతుంది. నా ఫ్రిజ్ సున్నా అని ఆవిడ చదవాలా?”

ఆవిడంటే తోడికోడలు. రెండిళ్ళ మధ్య కొట్లాటేమీ లేదు, అదే ఉంటే ఎప్పుడో తేలిపోయేది. ఇక్కడ సోఫా కొంటే అక్కడ అంతకన్నా పొడుగు సోఫా వచ్చేది. అక్కడ కర్టెన్లు మారితే ఇక్కడ నెల తిరిగేలోగా మారేవి. షోరూం మూసేసిన సంగతి కూడా ఈవిడ తోడికోడలికి చెప్పలేదు, వ్యాపారం పెంచడానికి పెద్ద స్థలం చూస్తున్నామని చెప్పింది.

దివాలా తీస్తున్నప్పుడు సున్నాలు కాక ఇంకేముంటాయని పరుపులాయన నచ్చజెప్పబోయాడు.

“తీస్తే తీయండి. కాస్త మర్యాదగా తీయండి” అందావిడ.

ఫ్రిజ్‌లోంచి చన్నీళ్ళు తీసుకు తాగి ఎన్నాళ్ళైందో ఇద్దరికీ తెలుసు. ఎలకలు పడకుండా ఆవిడ అందులో చీరలు పెట్టుకుంటోంది. అయినా పెళ్ళాం మొహం చూసి ఆయన సున్నా ముందు ఒక అంకె వేశాడు. ఒంటి సున్నాకి అంకె వేస్తే చవగ్గా కనబడిందని వెనక ఇంకో మూడు సున్నాలు చేర్చాడు. ఫ్రిజ్‌కి అంత పలికాక సోఫా ఊరుకుంటుందా, బీరువా ఊరుకుంటుందా. ఆ పేజీలో సున్నాలన్నిటికీ ముందూ వెనకా చుట్టాలొచ్చి కూర్చున్నారు.

ఇంతలో పరుపుల శిఖరం మీంచి తల్లి గొంతు వినిపించింది. తన మంచం టేకుదనీ, మీ నాన్న దగ్గరుండి చేయించాడనీ, దాన్ని పాత చెక్క కింద జమకడితే ఆయన ఆత్మ క్షోభిస్తుందనీ చెప్పింది. మంచం ధర కూడా పైనుంచే చెప్పింది. తన గాజులు తాకట్టులో ఉన్న సంగతి మాత్రం అప్పుల్లో రాయొద్దంది. చిన్నాడు చదివితే కుమిలిపోతాడట. పెద్దాడు కుమిలిపోతున్న సంగతి ఆవిడ ఎత్తులోంచి సరిగ్గా కనబడలేదేమో. ఆ వెంటనే భార్య, తన పుట్టింటివాళ్ళు ఇచ్చిన అప్పు కూడా కొట్టేయమంది. అది ఆడపడుచుకి పెట్టిన పసుపుకుంకాలనుకోవాలి గాని అప్పంటారా అని అడిగింది.

వాళ్ళని అని లాభం లేదు. అసలు పని చేసింది ఆయనే. చివరి వరుసలో సరుకు విలువ రాయాలి. మూలల్లో ఎలకలు కొరికి, చెమ్మ పట్టి, పారేయడానికి కూడా కూలి ఇవ్వాల్సిన పరుపులవి. ఆ మాటే రాయాలని కలం ఎత్తాడు. కానీ ప్రతి కుట్టూ తన చేత్తో వేసింది. ఒక్కొక్క పరుపూ కళ్ళముందు కదిలి, చేయి ఆగిపోయింది. షోరూంలో బోర్డు మీద రాసిన ధరే వేశాడు, తగ్గింపు కూడా లేకుండా. మొత్తం వేసే గడి ఆఫీసువాళ్ళు నింపుతారని రాసి ఉండడం వల్ల ఆయన కూడిక జోలికి పోలేదు.

భార్యాభర్తలిద్దరూ తమ్ముడి ఇంటికి వెళ్ళేసరికి ఎండ ముదిరింది. తమ్ముడికి ట్రావెల్స్ వ్యాపారం. ఇదివరకు ఇంటిముందు వ్యాన్లు బారులు తీరి ఉండేవి, ఆ రోజు ఒక్కటే ఉంది. మిగతావన్నీ టూర్ల మీద ఉన్నాయని తోడికోడలు గుమ్మంలోనే చెప్పింది. లోపల ఫ్యాన్ తిరగడం లేదు. కరెంటు పోయిందంది. పక్కింట్లో టీవీ గట్టిగా మోగుతోంది గాని, ఎవరి కంగారులో వాళ్ళుండటం వల్ల అది ఎవరికీ వినబడలేదు.

బ్యాంకువాళ్ళు వ్యాపారం పెంచుకోమని వెంటపడుతున్నారనీ, దానికి ఆస్తుల వివరాలు కావాలంటున్నారనీ పరుపులాయన పాఠం అప్పజెప్పాడు. ‘దివాలా’ అన్న మాట కనబడకుండా మొదటి పేజీ పైభాగం లోపలికి మడిచి ఉంది. తమ్ముడు ఆ గులాబీ కాగితాన్ని చూసి ఒక్క క్షణం అన్నయ్య మొహంలోకి చూశాడు, తర్వాత తల దించుకుని పేజీ పేజీకీ సంతకం పెట్టాడు. తోడికోడలు మాత్రం ప్రతి వరుసా వేలు పెట్టి చదివింది.

“ఫ్రిజ్ మంచి ధరలోనే ఉందక్కయ్యా. మేమూ మార్చేద్దామని పాతది ఇచ్చేశాం, మోడల్ నచ్చక ఆగాం” అంది.

అక్కయ్య ప్రాణం లేచొచ్చింది. అంతవరకూ పథకం గట్టెక్కినట్టే. అయితే తమ్ముడు, తనకీ అటువైపు పనుందనీ, అందర్నీ వ్యానులో దింపుతాననీ పట్టుబట్టాడు. వద్దంటే అనుమానం వస్తుంది, సరేనంటే కొంప మునుగుతుంది. బ్యాంకు పక్కసందులో దిగుతామని పరుపులాయన గొణిగాడు గాని, తమ్ముడు ఏమీ అడక్కుండా తిన్నగా కోర్టు ఆఫీసు ముందే ఆపాడు.

కౌంటర్లో గుమాస్తా దరఖాస్తు తీసుకుని కూడికలు వేశాడు. మళ్ళీ వేశాడు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి వేశాడు.

“మీ అప్పులన్నీ తీర్చేసినా ఒక ఇల్లు కొనుక్కునేంత మిగులుతుందండీ. మీరు దివాలా ఎందుకు తీస్తున్నారు?”

పరుపులాయనకి కళ్ళముందు మిషను కనబడింది. ఇంక దాచి లాభం లేదు. తమ్ముడూ తోడికోడలూ వెనకే ఉన్నారని తెలిసి కూడా అన్నీ చెప్పేశాడు: ఫ్రిజ్‌లో చీరలు, పరుపుల్లో ఎలకలు, తాకట్టులో గాజులు. చెబుతున్నంతసేపూ ఆయన భార్య గోడ మీది నోటీసులు చదువుతూ నిలబడింది. గుమాస్తా ఓపిగ్గా విన్నాడు.

“అంతా నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టారు. ఇందులో రాసింది నిజమైతే దరఖాస్తు చెల్లదు. అబద్ధమైతే మీమీద కేసు. ఏది కావాలో మీరే చెప్పండి.”

జైలుకంటే ఐశ్వర్యమే మేలనుకుని పరుపులాయన నిజమేనన్నాడు. ‘అప్పులు తీర్చగల స్థితిలో ఉన్నందున తిరస్కరించడమైనది’ అని ముద్ర పడింది. మళ్ళీ దరఖాస్తు పెట్టాలంటే ఏడాది ఆగాలి. ఆయన ఆ కాగితం పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. మిషను పోయిందని మనసుకి అప్పుడే తెలిసిపోయింది.

తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. చొక్కా లోపల్నుంచి మడతలు పడ్డ గులాబీ కాగితాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మడత పెడితే మాత్రం ఆ రంగు నాకు తెలీదా అన్నయ్యా. నెల్రోజులుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నా. సాక్షి సంతకానికి నీ దగ్గరికి రావడానికి మొహం చెల్లలేదు.”

వ్యాన్లు టూర్ల మీద లేవు, అప్పులవాళ్ళ దగ్గరున్నాయి. కరెంటు దానంతటది పోలేదు, బిల్లు కట్టలేదని కోసేశారు. మిగిలిన ఆ ఒక్క వ్యానూ కాపాడుకోవాలంటే అతనికీ ముద్ర కావాలి. పరుపులాయన భార్య ఆ కాగితాలు అందుకుని చూసింది. ఆస్తుల పేజీ తోడికోడలి రాతలో ఉంది. ఫ్రిజ్ దగ్గర లేదని, సోఫా దగ్గర అమ్మేశామని, మంచం దగ్గర కాలు విరిగిందని గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. ఎవరికి భయపడి తాము పొద్దున్నంతా అన్ని అబద్ధాలు రాశారో, ఆ మనిషి ఒక్క అబద్ధం కూడా రాయలేదు. ఈవిడకి సిగ్గుతో కళ్ళ నీళ్ళు తిరిగాయి. తోడికోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది గాని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సాక్షిగా అన్నయ్య సంతకం పెడతాడని తమ్ముడు కాగితాలు కౌంటర్లో ఇచ్చాడు. అప్పుడు గుమాస్తా ఆ చీమల బారు అక్షరాలు చదివి వినిపించాడు. సాక్షి కూడా దివాలా స్థితిలో ఉంటే చెల్లదట, అప్పులు తీర్చగల స్థితిలో ఉన్నట్టు రుజువు కావాలట. అన్నదమ్ములిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పరుపులాయన నెమ్మదిగా చేతిలో ఉన్న కాగితం కౌంటర్ మీద పెట్టాడు. ముద్ర తడి ఇంకా ఆరలేదు. ఇంత గట్టి రుజువు తన సర్వీసులో చూడలేదన్నాడు గుమాస్తా.

కలం పట్టుకుని ఆయన ఒక్క నిమిషం ఆగాడు. తన మిషనుకి దొరకని ముద్ర తన చేతిమీదుగా తమ్ముడి వ్యానుకి పడుతోంది. లోపల ఎక్కడో కలుక్కుమంది, లేదనడం అబద్ధం.

“పెట్టండి” అంది భార్య. “నా ఫ్రిజ్‌కి అంత ధర కట్టినందుకు ఎవరికో ఒకరికి ఉపయోగపడనీండి.”

తమ్ముడి దరఖాస్తు సాయంత్రం కాకముందే స్వీకరించారు.

తిరస్కరించిన దరఖాస్తులు నోటీసు బోర్డుకి ఎక్కుతాయని పరుపులాయనకి తెలీదు. సోమవారం ఫైనాన్సాయన అందులోని ఆస్తుల జాబితా నకలు చేతపట్టుకునే వచ్చాడు. ఇంత ఆస్తి ఉన్న పెద్దమనిషి తనని నెల రోజులు ఆగమని అడగడమేమిటని నొచ్చుకున్నాడు. జాబితాలో ఫ్రిజ్ ధర చూసి, వడ్డీ కింద అదీ తీసుకుపోదామని తలుపు తెరిచాడు. చీరలు చూసి మూసేశాడు. ఫ్రిజ్ వద్దన్నాడు. మిషను పోతున్నందుకు ఏడవని ఇల్లాలు దానికి మాత్రం ఏడ్చింది.

మిషను మోసుకెళ్ళడానికి ఫైనాన్సాయన ఫోన్లో మాట్లాడిన వ్యాను గుమ్మం ముందు ఆగింది. అది తమ్ముడిది. ఎవరింటికో చెప్పకుండా వీధి పేరు మాత్రమే చెప్పి పిలిపించారట. అతను దిగి, అన్నయ్యని చూసి, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెనక్కి వెళ్ళిపోతానన్నాడు.

“నువ్వైతే జాగ్రత్తగా నడుపుతావు” అన్నాడు పరుపులాయన. “కిరాయి ముందే తీసుకో.”

ఇనప నేల మీద మిషను అటూ ఇటూ దొర్లితే దెబ్బతింటుందని, కింద వేయడానికి మెత్తటిదేమైనా ఉందా అని ఫైనాన్సాయన అడిగాడు. పరుపులాయన లోపలికి వెళ్ళి, ఎలకలు పెద్దగా కొరకని పరుపొకటి భుజాన వేసుకొచ్చి, అలవాటు కొద్దీ బోర్డు మీది ధర చెప్పాడు. ఫైనాన్సాయన అందులో పదో వంతు ఇస్తానన్నాడు. చాలాసేపు బేరమాడుకున్నారు.

ఆ ఏడాది మొత్తం మీద ఆయన రొక్కానికి అమ్మిన పరుపు అదొక్కటే.