కంప్యూటర్‌కు గుండు

కంప్యూటర్‌కు కొత్త సిస్టమ్ ఎక్కించాల్సి వచ్చినప్పుడు అప్‌గ్రేడ్‌తో సరిపెట్టుకునేవాడంత పిరికివాడు లోకంలో లేడు. అప్‌గ్రేడ్ అంటే క్రాపు. పైపైన కత్తిరించి, పేలను ఉన్నచోటే ఉంచడం. అంతా తుడిచి మొదటినుంచి ఎక్కించే క్లీన్ ఇన్‌స్టాల్ అంటే గుండు. జుట్టూ పోతుంది, పేలూ పోతాయి, మొక్కూ తీరుతుంది!

కన్నడనాట బ్రూస్‌పేటలో పెళ్లి కార్డులు వేసే చంద్రశేఖర్ గుండే కొట్టించాడు. ఏడో తరగతితో బడి మానేసి అచ్చుపనిలో దిగినవాడు. అతని పాత కంప్యూటర్ స్విచ్ వేసి, ఎదురు హోటల్లో బొరుగుల ఒగ్గరాణి, మిర్చి బజ్జీ తిని చేయి కడుక్కొని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. రిపేరు చేసే హనుమంత పెదవి విరిచాడు.

"పాత గోడకు సున్నం కొడితే కొత్తదైతాదా అన్నా? అంతా తుడిచేద్దాం. బ్యాకప్ ఉండాదా?"

"ఎందుకప్పా బ్యాకప్? అయిపోయిన పెండ్లిండ్లు మళ్లా చేస్తారా? తుడువు."

ఎంత తెగువ! వైరస్‌లు పోయాయి. ఫ్లెక్సీల కోసం దాచిన నాయకులందరూ దండం పెడుతూనే పోయారు. ఓటుతో కాని పని ఒక్క బటన్‌తో అయింది. ఇప్పుడా మిషన్, చంద్రశేఖర్ కుర్చీలో కూర్చునేలోపే లేచి నిలబడుతోంది.

మరునాడు, ఆంధ్రా నుంచి వచ్చి కాలువ కింది క్యాంపులో స్థిరపడి వరి పండించే సుబ్బరామి, తన కొడుకు పెళ్లి కార్డు చూసుకోవడానికి వచ్చాడు. ఇక్కడి తెలుగువాళ్ల కార్డుకు రెండు ముఖాలు. ఒకవైపు ఊరివాళ్ల కోసం కన్నడం, రెండోవైపు ఆంధ్రా చుట్టాల కోసం తెలుగు. పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి ఆ కార్డు బతికింది. కన్నడం నిక్షేపంగా ఉంది. తెలుగు అక్షరాలు మాత్రం పాత సిస్టమ్‌తోపాటే పోయి, వాటి చోట ఏవేవో గుర్తులు మొలిచాయి.

"పెళ్లికూతురి పేరు చివర ప్రశ్న గుర్తు వేశావేంటయ్యా? నిశ్చితార్థం కూడా అయిపోయింది, నీకింకా అనుమానమా? రేపు పొద్దున మొదటి కార్డు దేవుడి ముందు పెట్టాలి. నీవల్ల కాకపోతే చెప్పు, మా క్యాంపు వాళ్లమంతా ఇంకో షాపు చూసుకుంటాం."

క్యాంపు పోతే షాపులో మిగిలేది ఫ్యానే. చంద్రశేఖర్ చెమటలు కక్కుతూ ఫోన్ చేస్తే హనుమంత నవ్వాడు.

"తెలుగు లోపల్నే ఉండాదన్నా. సెట్టింగుల్లో భాష కాడ ఒత్తు, వస్తాది."

ఒత్తాడు. వచ్చింది! చూశారా క్లీన్ ఇన్‌స్టాల్ మహిమ? ఇంగ్లీషులో కొడితే చాలు, తెర మీద తెలుగు పడుతుంది. చేయి చురుకైనదని కాలేజీకి వెళ్లే కూతురు హేమను పిలిచి, కార్డు మళ్లీ కొట్టమని కూర్చోబెట్టాడు. ఆ పిల్ల చకచకా కొట్టి, ఆగింది.

"నాన్నా, ఒగ పేరుకు నాలుగు స్పెల్లింగులు చూపిస్తాంది. మనది యాది?"

"సదివి చూడమ్మా."

"ఇది నాకు సదవను రాదు గదా."

రాదు మరి. పిల్లకు చదువులో స్పీడు కావాలని, బడిలో ఇంగ్లీషూ కన్నడమూ చాలన్నది చంద్రశేఖరే. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్ల పక్కన నిలబడి, అతను వేలు పెట్టి చూపిస్తుంటే, ఆమె ఒక్కొక్కటే నొక్కింది. సాయంత్రానికి కార్డు తయారైంది. సుబ్బరామి తన చుట్టాల ఊళ్ల పేర్లన్నీ పైకి చదువుకుని సంతోషంగా వెళ్లాడు.

మిషన్‌కు తెలుగు ఒక్క నొక్కుతో తిరిగొచ్చింది. హేమకు రావాలంటే ఎక్కడ నొక్కాలో హనుమంతకూ తెలియదట. అతన్నేమీ అనడానికి లేదు. తుడిచేముందు బ్యాకప్ ఉందా అని అడిగాడు. పిల్లను బడిలో వేసిన నాడు ఆ మాట అడిగినవాళ్లెవరు?