సంచిలో పట్టని మ్యాట్

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊళ్ళ పొలాలన్నీ కొలిచిన సర్వేయరుకు, రిటైరయ్యాక ఇంట్లో కొలవడానికేమీ లేక పొద్దుపోవడం లేదు. ఆ ఉదయం ఆ కొరత తీరింది.

ఆయన భార్య బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆ రోజు పదకొండింటికి ఆమె మొదటి క్లాసు. చేరినవాళ్ళకు చూపించడానికి మూడు నెలలు కూర్చుని ఒక నమూనా బొంత కుట్టింది. గుడ్డ కింద పరిచి కోసుకునే ఆకుపచ్చ మ్యాట్ కూడా తీసుకెళ్ళాలి. అదేమో తలుపంత ఉంది. సంచిలో సగమే దూరింది.

"ఇది పట్టేలా లేదు. ఏదో ఒకటి చెయ్యాలి," అంటూ ఆమె చెప్పులేసుకుని బయటికి వెళ్ళింది.

ఆ పని తనకే అప్పగించిందని సర్వేయరు అర్థం చేసుకున్నాడు. పక్కవాటాలో ఉండే బావమరిదిని పిలిచాడు. సాక్షి లేకుండా హద్దు వెయ్యడం ఆయనకు అలవాటు లేదు.

"అక్కనడిగావా బావా?"

"అడిగితే ఇంక సర్‌ప్రైజేముంది? నువ్వు టేపు పట్టుకో."

భోజనాల బల్ల కొత్తది. గీత పడితే ఆమె ఇంట్లో నిలవనివ్వదు. అందుకని బావమరిది కుర్చీలో మడతపెట్టి ఉన్న తెల్లటి మెత్తనిదేదో తెచ్చి బల్లమీద పరిచాడు. దానిమీద మ్యాట్ పెట్టి, సంచి కొలతకు సర్వేయరు నిఠారుగా కత్తి లాగాడు. గాటు పడింది, చూస్తుండగానే పూడుకుపోయింది.

"నువ్వు నొక్కలేదు బావా."

"నొక్కాను. ఇదే మూసుకుపోతోంది."

గాట్లు వాటంతటవే పూడుకోవడమే ఆ మ్యాట్ గొప్పతనమని ఇద్దరికీ తెలియదు. ముప్ఫయ్యేళ్ళలో తను వేసిన ఏ హద్దునూ ఎవరూ చెరపలేదు, ఈ ప్లాస్టిక్ ముక్క చెరుపుతుందా అని సర్వేయరుకు రోషం పొడుచుకొచ్చింది. బావమరిది చేత మ్యాట్ మీద మోకాలు వేయించి, పళ్ళు బిగించి పదోసారి లాగేసరికి అది రెండు ముక్కలైంది. దానితోపాటు కిందున్నదీ రెండైంది. తిరగేసి చూస్తే రంగురంగుల ముక్కలతో నమూనా బొంత.

సర్వేయరు రెండు ముక్కల్నీ దగ్గరికి జరిపి అంచులు కలిపాడు.

"ఇది కూడా పూడుకుంటుందేమో, కాసేపు చూద్దామా?" అన్నాడు బావమరిది.

చూశారు. పూడుకోలేదు.

అంతలో ఆమె రానే వచ్చింది, చేతిలో తలుపంత కొత్త సంచితో. మ్యాట్‌నీ, బొంతనీ, మొగుణ్ణీ, తమ్ముణ్ణీ వరసగా చూసింది. ముక్కలన్నీ ఆ సంచిలో కుక్కుకుని క్లాసుకు వెళ్ళిపోయింది.

నాలుగు మాటలు తిట్టినా బాగుండేది. మూడు నెలలు నడుము వంచి కుట్టిన ఆమే కళ్ళముందు కదులుతుంటే సర్వేయరు కత్తి తీసి అటకమీద పడేశాడు. ఇక జన్మలో కత్తి ముట్టనని బావమరిది ఎదుట ఒట్టు పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె నవ్వుకుంటూ వచ్చింది.

"అక్కడి బల్లలు మూరెడు వెడల్పు. మ్యాట్ పెద్దదైతే పరవడానికే కుదిరేది కాదు. బొంత తెగబట్టి లోపల పొరలెలా ఉంటాయో, తెగినదాన్ని ఎలా అతకాలో చూపించాను. ఇంకో ఆరుగురు చేరతామన్నారు."

సర్వేయరు చెయ్యి మీసం మీదికి పోయింది. "నేను ముందే అనుకున్నా."

"మీరేమనుకున్నారో నాకు తెలుసులెండి. ఇక మిమ్మల్ని ఇంట్లో వదిలి వెళ్ళే ధైర్యం నాకు లేదు. రేపట్నుంచి ఈ కొత్త సంచిలో పెట్టుకుని తీసుకెళ్తాను."

సర్వేయరు సంచివైపు ఓసారి చూసి, బావమరిదిని టేపు తెమ్మన్నాడు.