కల్యాణి రీలుకు బోణీ

కొంటా ఊరి వర్తకులకు, వారి కుటుంబాలకు తెలియజేయునది ఏమనగా, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కల్యాణి సోమవారం నుంచి అన్నం దగ్గర రెండు మెతుకులు కతికి లేచిపోతోంది. అద్దం మీద తువ్వాలు కప్పింది. కారణం, సరుకు కదలకపోవడం. సరుకంటే పసుపు ఓణీలో తీసుకున్న అర నిమిషం రీలు. రెండు రోజుల్లో పదకొండు లైకులు వచ్చాయి. కిరండూల్‌లో ఉన్న దాని మేనమామ కూతురికి తొమ్మిది వందలు వచ్చాయి.

నేను ముప్పై ఏళ్లుగా ఉప్పు, చింతపండు అమ్ముతున్నవాణ్ని. సరుకు ఎందుకు కదలదో నాకు తెలుసు. పిల్లలో లోపం లేదు, నా కూతురు కనుక. కొట్టు ఫోనులో ఉంది కనుక చోటు మార్చలేం. ఇక మిగిలింది బోణీ. విచారించగా మొదటి లైకు కల్యాణే కొట్టుకుందని తేలింది. యజమాని తన సరుకు తనే కొనుక్కుంటే ఏ కొట్టు నడుస్తుంది?

పిల్ల పక్కన కాసేపు కూర్చుని మాట్లాడమని నా భార్య సుధామణి సలహా ఇచ్చింది. కొట్టు వేళలకు కుదరనందున ఆ సలహాను పక్కన పెట్టాను.

వర్తక సంఘం అత్యవసరంగా సమావేశమైంది. యువత ఫోనుకు బానిసవుతోందని అధ్యక్షులు కాశీవిశ్వనాథం గారు కన్నీరు పెట్టారు. మొదటిసారి ఫోనులో సరిగా పడలేదని మళ్లీ పెట్టారు. పాత రీలు తీసేసి, సంత రోజున మంచి చేతి బోణీతో మళ్లీ పెట్టాలనీ, సభ్యులందరూ తమ ఖాతాదారుల చేత కూడా లైకులు కొట్టించాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు.

మంచి చెయ్యి అంటే మా దగ్గర సంతకు వచ్చే బుధ్రాందే. అతను మొదటి ఉప్పు ప్యాకెట్టు కొన్న రోజు నాకు తినడానికి తీరిక ఉండదు. సంత రోజు పొద్దున్నే కల్యాణి లేవకముందే దాని ఫోనులో రీలు తీసి మళ్లీ పెట్టి, అతన్ని పిలిచి నా ఫోను ముందు పెట్టాను. అతను వేలు చాచి ఆగాడు.

"పిల్ల తింటలేదంటివి కదా సావుకారు. నేను ఈడ ఒత్తితే దాని కడుపు నిండుతదా?"

అతనికి మార్కెట్టు తెలియదని సర్దిచెప్పి నొక్కించాను.

చెయ్యి వృథా పోలేదు. సాయంత్రానికి నాలుగు వందల ఆరు లైకులు. కొట్టినవాళ్ల ఫొటోలు చూస్తే ఎరువుల బస్తాల బొమ్మలు, ట్రాక్టర్లు, మీసాలు, శాలువాతో అధ్యక్షులు. కింద ఒకాయన 'శుభాకాంక్షలు, టోకు మరియు చిల్లర' అని రాశారు. కల్యాణి గది తలుపు తెరుచుకుని కొట్లోకి వచ్చింది.

"ఏంది నాన్నా ఇది? అందరూ నీ దోస్తులే. మా క్లాసోళ్లు నవ్వి సస్తున్రు."

నా ఎదుటే ఖాతా మూసేసింది. ఆ కోపంలోనే వంటింట్లోకి వెళ్లి మామిడికాయ పప్పుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. మా మీసాల గురించి వాళ్లమ్మతో ఏదో చెప్పుకుని నవ్వడం కూడా వినిపించింది. వ్యవహారం అక్కడితో ముగిసిపోవాల్సింది.

ఇంత పెద్ద విజయాన్ని గోదాములో పెట్టుకుంటే ఏం లాభమని సంఘం అడిగింది. నాకూ నిజమే అనిపించింది. ఆదివారం కల్యాణికి 'ఫోను విముక్త బాలిక' అనే బిరుదిచ్చి, శాలువా కప్పి, ఫోనులో ప్రత్యక్ష ప్రసారం చేశాం. "నాకు ఫోను వద్దు" అని దాని చేత నాలుగుసార్లు చెప్పించారు. నవ్వు చాలలేదని అధ్యక్షులు అభ్యంతరం చెప్పగా, వెలుతురు వైపు తిరిగి అయిదోసారి బాగా చెప్పింది.

మర్నాడు అన్నం కలుపుతూ తల ఎత్తకుండా అడిగింది.

"నిన్నటిది ఎంతమంది చూసిన్రు నాన్నా?"

లెక్కలో అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. పదమూడు మంది అన్నాను. అది కంచంలోనే చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

కాబట్టి సంఘం తరఫున పాఠక మహాశయులకు విన్నపం. ఆ వీడియో ఇంకా ఉంది. ఎలాగూ ఫోను మీ చేతిలోనే ఉంటుంది, ఒకసారి చూడండి. పిల్ల అన్నం మూత పెట్టి ఉంచాం.