వెర్నన్ స్టిక్లీ గారి మచ్చలేని ప్రచారం

"నా ప్రత్యర్థుల గురించి ఒక్క చెడ్డమాట కూడా నా నోట రాదు!" అని మా శాసనసభ్యులు వెర్నన్ స్టిక్లీ గారు మార్చి రెండో శనివారం పొద్దున, మా ఊరి ఫైర్ స్టేషన్లో చందాల విందుకొచ్చిన నాలుగువందల మంది పాన్‌కేకులు తింటుండగా ప్రకటించారు. జనం సిరప్ చేతులతోనే చప్పట్లు కొట్టారు. అందువల్ల చప్పట్లు కాస్త అతుక్కుంటూ మోగాయి గానీ, అభిమానంలో లోటు లేదు. నా కళ్ళు చెమర్చాయి. రాజకీయాల్లో ఇంకా ఇలాంటి మనుషులున్నారా అనిపించింది.

నా పేరు ఆర్లో ప్రూయిట్. బెల్మోర్ కౌంటీ రేడియోలో వార్తలూ, వాతావరణమూ, పందుల ధరలూ చదువుతాను. బావిలోంచి వచ్చినట్టుండే గొంతు దేవుడిచ్చాడు. ఒహాయో రాష్ట్రంలో మా మూలకంతటికీ అలాంటి గొంతు ఒకటే. కాబట్టి ప్రకటన ఎవరిదైనా చదవాల్సింది నేనే. ఈ వ్యవహారంలో నా పాత్ర అంతే.

మా నియోజకవర్గంలో ఎదుటి పార్టీకి మనుషులు దొరకరు. మే నెల ప్రైమరీలో మా పార్టీ టికెట్ ఎవరు గెలిస్తే నవంబరులో శాసనసభకి వాళ్ళే వెళ్తారు. పన్నెండేళ్ళుగా స్టిక్లీ గారే వెళ్తున్నారు. ఈసారి మాత్రం మా పార్టీలోనే ఇంకో ఇద్దరు పోటీకి దిగారు. ఒకరు పశువుల డాక్టరు డెల్బర్ట్ హోగ్లండ్. రెండోవారు, ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయిన ఇర్మా కెటరింగ్.

ఇర్మా గారిది ఒకటే గొడవ, ప్లమ్ క్రీక్ వంతెన. పాడైందని రెండేళ్ళ క్రితం మూసేశారు. స్కూలు బస్సు పద్దెనిమిది మైళ్ళు చుట్టు తిరిగి వెళ్తుంది. పోయిన శీతాకాలం ఒక పాప ఆ చుట్టుదారిలోనే, అంబులెన్సులోనే పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమే గానీ, డ్రైవరు మాత్రం వారం రోజులు సెలవు పెట్టాడు. ఇర్మా గారి దగ్గర రేడియో ప్రకటనలకి డబ్బు లేదు. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఇలాంటివాళ్ళు రాజకీయాలకి పనికిరారని అందరం అనుకున్నాం.

ఏప్రిల్ మొదటివారంలో స్టిక్లీ గారు రాష్ట్ర రాజధాని కొలంబస్ నుంచి ట్రెంట్ మాలరీ అనే సలహాదారుణ్ణి పిలిపించారు. సన్నటి ప్యాంటూ, సాక్సుల్లేని బూట్లూ. అతను సర్వే చేసి, స్టిక్లీ గారిని మా స్టూడియోకి తీసుకొచ్చాడు.

"మీకు నలభై నాలుగు శాతం, డాక్టరుకి పద్నాలుగు, బస్సావిడకి ఆరు. మిగతావాళ్ళు తేల్చుకోలేదు. ఇప్పుడే డాక్టర్ని ఒక దెబ్బ కొట్టాలి సార్," అన్నాడు.

"కుదరదు. నా నోట చెడ్డమాట రాదని చెప్పాను. వెర్నన్ స్టిక్లీ మాటంటే మాటే."

"మీ నోట వద్దు సార్. ఈయన నోట," అని నన్ను చూపించాడు ట్రెంట్.

స్టిక్లీ గారు నా నోటి వంక చాలాసేపు చూశారు. "ఆర్లో నోటి గురించి నేనెవరికీ మాటివ్వలేదు," అన్నారు. ఇచ్చిన మాటలో ప్రతి అక్షరాన్నీ అంత జాగ్రత్తగా కాపాడుకునే నాయకుణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

మర్నాటి నుంచి గంటకోసారి నా గొంతు ఇలా మోగింది: "డాక్టర్ హోగ్లండ్. ఇరవై రెండేళ్ళ వైద్యం. ఆయన చేతుల్లో చనిపోయిన ఆవులు... రెండువందల పద్నాలుగు. మన భవిష్యత్తుని ఆ చేతుల్లో పెడదామా?" వెనకాల ఒక ఆవు అరుపు కూడా పెట్టాం. చాలా బాధగా వచ్చింది.

రెండు రోజులకి మా ఊరి డాట్ కాఫీ హోటల్లో రైతులు నా బల్ల చుట్టూ చేరారు.

"ఆర్లో, ఆ లెక్క నిజమేనా? ఇరవై రెండేళ్ళకి రెండువందల పద్నాలుగేనా?"

"నిజమే."

"అంటే ఏడాదికి పది కూడా లేవు! మా డాక్టరు ఒక్క చలికాలంలోనే అన్ని చంపేశాడయ్యా. ఈ హోగ్లండ్ ఫోన్ నంబరు ఉందా నీ దగ్గర?"

వారం తిరిగేసరికి డాక్టరు పద్నాలుగు నుంచి ఇరవై ఐదుకి పెరిగాడు. ఆయన పేరు అంతకుముందు సగం కౌంటీకి తెలియదు. తెలియజేసిన పుణ్యం స్టిక్లీ గారిదే.

డాక్టరు మెతక మనిషి. కానీ ఆయన వదినగారు లొరేన్ ఊరుకోలేదు. ఆవిడే ఆయన ప్రచారం చూసుకునేది. ఆవిడ రాసుకొచ్చిన కాగితం కూడా నేనే చదివాను: "స్టిక్లీ గారు పన్నెండేళ్ళలో చేసిన పని ఒక్కటి చెప్పండి. ఆగండి... ఆలోచించుకోండి. తొందరేం లేదు." తరవాత పది సెకన్లు నిశ్శబ్దం. రేడియోలో పది సెకన్లు నిశ్శబ్దమంటే చావు కబురే. జనం రేడియో పాడైందనుకుని కొట్టి చూసుకున్నారు.

ఈ దెబ్బతో స్టిక్లీ గారు పడిపోతారనుకున్నాను. పెరిగారు! మూడు శాతం! "పాపం పెద్దాయన్ని అలా అంటారా?" అని ముసలమ్మలు జాలిపడ్డారు. అందులో డాక్టరుగారి తల్లి కూడా ఒకావిడ. ఆవిడ కొడుక్కి ఫోన్ చేసి గడ్డి పెట్టింది. డాక్టరు స్వయంగా స్టూడియోకొచ్చి, "ఆపెయ్ ఆర్లో. మా అమ్మ నాతో మాట్లాడటం లేదు," అని ప్రకటన వెనక్కి తీసుకున్నాడు.

ఇది తెలిసి స్టిక్లీ గారు ఎంతో బాధపడ్డారు.

"ఆపేశాడా? మూడు శాతం వచ్చాక ఆపేశాడా? మనిషికి నిలకడ ఉండొద్దూ?"

ట్రెంట్ బోర్డు మీద గీతలు గీసి చూపించాడు. "సార్, ఈ ఎన్నికలో తిట్టినవాడు దిగుతున్నాడు, తిట్లు తిన్నవాడు ఎక్కుతున్నాడు. మిమ్మల్ని ఎవరో ఒకరు తిట్టాలి."

"డాక్టరు మానేశాడు. ఇర్మాకి తిట్టే ఓపిక లేదు. మరెవరు తిడతారు?"

ముగ్గురం బోర్డు మీది గీతల వంక చూశాం. మహత్తరమైన ఆలోచనలు ఇలాంటప్పుడే పుడతాయి. ఆ మధ్యాహ్నమే 'బెల్మోర్ సత్యప్రియుల సంఘం' వెలిసింది. సభ్యులు ఇద్దరు. ఒకరు స్టిక్లీ గారి బావమరిది, రెండోవారు ఆ బావమరిది భార్య. ఆశయం ఒక్కటే, స్టిక్లీ గారిని తిట్టడం.

తిట్లు రాయడానికి కూర్చున్నాం.

"రాయి. స్టిక్లీ ఒట్టి మొండివాడు," అన్నారు స్టిక్లీ గారు.

"అది పొగడ్త సార్."

"స్టిక్లీకి నిజాయితీ మరీ ఎక్కువ."

"సార్..."

"అయితే నువ్వే వెతుకు. పన్నెండేళ్ళ రికార్డు ఉంది కదా, దొరక్కపోదు."

ట్రెంట్ రికార్డంతా తిరగేశాడు. ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమీ లేదు సార్."

స్టిక్లీ గారి ముఖం వెలిగింది. "మచ్చ లేదా?"

"మచ్చా లేదు, ముద్రా లేదు. మీరు బిల్లు పెట్టలేదు, ఆపలేదు. మాట్లాడింది ఒక్కసారి. కిటికీ వెయ్యమన్నారు."

"ఆ రోజు చలిగా ఉందిలే. పోనీ, ప్లమ్ క్రీక్ వంతెన బిల్లు? దానికి వ్యతిరేకంగా వేశాను కదా, అది పెట్టు."

"వెయ్యలేదు సార్. ఆ రోజు మీరు సభకే రాలేదు."

"రాకుండా వ్యతిరేకించానేమో?"

"ఆ బిల్లు ఒక్క ఓటు తక్కువై ఓడిపోయింది సార్."

నా నోరు ఆగలేదు. "ఆ రోజు ఎక్కడికెళ్ళారు వెర్నన్ గారూ?"

"బరువైన గుమ్మడికాయల పోటీకి. న్యాయనిర్ణేతగా పిలిచారు, వస్తానన్నాను. ఇచ్చిన మాట తప్పే మనిషినా నేను?"

ట్రెంట్ కలం అప్పటికే పరుగెడుతోంది. కాగితం నా చేతికొచ్చింది. చదువుకుని తలెత్తాను.

"వెర్నన్ గారూ, ఇది నిజం కదా. ఆవుల లెక్కలా పొగడ్తగా మారేది కాదు. నిజంగానే తగులుతుందేమో..."

"తగలాలనే కదయ్యా ఇంత కష్టపడుతున్నాం! కాస్త కోపంగా చదువు."

కోపంగానే చదివాను. ఆశ్చర్యమేమిటంటే, అందుకు పెద్ద ప్రయత్నం అక్కరలేకపోయింది.

"ప్లమ్ క్రీక్ వంతెనకి ఒక్క ఓటు తక్కువైంది. ఆ ఓటు వెర్నన్ స్టిక్లీది. ఆయన ఆ రోజు గుమ్మడికాయలు తూస్తున్నారు." రోజుకి అరవైసార్లు. చివర్లో, "ఈ ప్రకటన బెల్మోర్ సత్యప్రియుల సంఘం వారిది."

నా భార్య ఓపల్ నర్సు. వంతెన మూసినప్పటి నుంచి రోజూ ఆ చుట్టుదారిలోనే ఆసుపత్రికి వెళ్ళొస్తోంది. ఆ సాయంత్రం నా ముందు కంచం పెడుతూ ఆగింది.

"ఇవాళ రేడియోలో చెప్పింది నిజమా?"

"నిజమే."

"నీకిదివరకే తెలుసా?"

"మంగళవారం తెలిసింది."

"రెండేళ్ళ నుంచి ఆ రోడ్డు మీద రోజుకి గంట పోగొట్టుకుంటున్నాను ఆర్లో. చుట్టుదారిలో పుట్టిన ఆ పాపని చేతుల్లోకి అందుకుంది నేనే." కంచం పెట్టిన చప్పుడుకి పిల్లి లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

వారాంతానికి ట్రెంట్ కొత్త సర్వే తెచ్చాడు. స్టిక్లీ గారి పేరు విన్నవాళ్ళు నూటికి తొంభై తొమ్మిది మంది. "చరిత్రలో ఇదే ఎక్కువ సార్!" అన్నాడు. ఆయనకి ఓటు ఎంతమంది వేస్తారన్న కాగితం మాత్రం సంచీలోంచి తియ్యలేదు. స్టిక్లీ గారూ అడగలేదు. సంతోషంగా, "రోజుకి తొంభైసార్లు వెయ్యండి," అన్నారు.

ప్రైమరీకి రెండు రోజుల ముందు ఇర్మా గారు మా ఇంటి తలుపు కూడా తట్టింది.

"ఓటడగడానికే వచ్చాను ఆర్లో. అయినా, అందరి తిట్లూ ఒక్క గొంతుతోనే చదువుతావు, నొప్పి పుట్టదూ?"

"తేనె కలిపి తాగుతానండీ."

"మంచిది నాయనా. ఇంత కాఫీ కూడా తాగు," అని ఫ్లాస్కు మూతలో పోసిచ్చింది. వంతెన గురించి నాతో ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం ఆవిడకి ఎవరో తప్పించారు.

మే నెల మొదటి మంగళవారం ఓట్లు పడ్డాయి. ఇర్మా గారికి నాలుగు వేల చిల్లర, డాక్టరుకి రెండు వేల ఎనిమిదొందలు, స్టిక్లీ గారికి తొమ్మిదివందల ఆరు. డాక్టరు ఓడిపోవడానికి కారణం మాత్రం వేరు. ఆవుల వైద్యంలో ఆయనకి గిరాకీ ఎంత పెరిగిందంటే, చివరి మూడువారాలూ ప్రచారానికి తీరిక దొరకలేదు.

మర్నాడు స్టిక్లీ గారు కోర్టు మెట్ల మీద నిలబడి మాట్లాడారు. పక్కనే ట్రెంట్. ఓటమిలోనూ అంత హుందాగా ఉన్న మనిషిని చూసి మళ్ళీ నా కళ్ళు చెమర్చాయి.

"మిత్రులారా! నన్ను ఓడించింది మీరు కాదు," అన్నారు గొంతు వణుకుతుండగా. "బెల్మోర్ సత్యప్రియుల సంఘం! ముఖం చూపించకుండా, చాటు నుంచి నన్ను కాటేసింది. దాని వెనక ఎవరున్నారో తేల్చేదాకా నేను నిద్రపోను!"

ట్రెంట్ గంభీరంగా తలూపాడు. కొందరు "న్యాయం!" అని అరిచారు. బావమరిది అందరికంటే గట్టిగా అరిచాడు. భార్యాభర్తలిద్దరూ ముందు వరసలోనే ఉన్నారు.

ఆవుల దగ్గర్నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, డాక్టర్ హోగ్లండ్ బురద బూట్లతో వెనక నిలబడి ఉన్నాడు. మొహమాటంగా చెయ్యెత్తాడు. "వెర్నన్, ఏమనుకోకు. ఆ సంఘంవాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధం ఏమన్నా ఉందా?"

స్టిక్లీ గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. ఎంత కష్టంలో ఉన్నా తొందరపడి మాట జారే మనిషి కాదు.

"ఒక్కటి కూడా లేదు డాక్టరూ," అన్నారు చివరికి. "అంత దుర్మార్గులు వాళ్ళు."